పోయిందెంత, తిరిగొచ్చిందెంత

రామతీర్థంలో ఒక రైతుని ఊహించుకుందాం. వయసు యాభై దాటింది. రెండేళ్ళ కిందట పిత్తాశయంలో రాళ్ళున్నాయంటే విజయనగరంలో ఆపరేషన్ చేయించుకున్నాడు. రాళ్ళ నొప్పి పోయింది, ఇంకో బాధ తగులుకుంది. పొద్దున్న లేచి పొలం గట్టు ఎక్కేలోగా మూడుసార్లు చెంబు పట్టుకోవాలి. చోడి అంబలితో సరిపెట్టుకున్న రోజు కాస్త నయం. పెళ్ళి భోజనం తిన్న రోజు సంగతి చెప్పనక్కర్లేదు. శ్రీరామనవమికి ఊరంతా బోడికొండ ఎక్కుతుంటే ఆయన కిందే ఆగిపోతాడు, మెట్ల మధ్యలో అవసరం పడితే ఎక్కడికి పోవాలి? విశాఖపట్నం ప్రయాణమంటే బస్సు టైము కంటే ముందు దారిలో మరుగుదొడ్లు ఎక్కడున్నాయో లెక్క వేసుకుంటాడు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు అమీబా అని బిళ్ళలిచ్చాడు. టౌన్లో డాక్టరు ఐబీఎస్, అంటే పేగు ఊరికే చిరాకు పడే జబ్బు, అన్నాడు, టెన్షన్ పెట్టుకోవద్దన్నాడు. చుట్టాలు పైత్యం అన్నారు. తమాషా ఏమిటంటే, ముగ్గురిలోనూ అసలు విషయానికి దగ్గరగా వచ్చినవాళ్ళు చుట్టాలే.

తెలుగులో పైత్యం అంటే వాంతి వచ్చేట్టుండడం, తల తిరగడం, మనిషి తిక్కగా మాట్లాడితే అదీ పైత్యమే. ఆ మాట వెనకున్న పైత్యరసం మాత్రం చాలా పొదుపరి పదార్థం. కాలేయం కొలెస్టరాల్‌ని ముడిసరుకుగా తీసుకుని పైత్యరస ఆమ్లాలను తయారుచేస్తుంది. అవి పిత్తాశయంలో నిలవుండి, భోజనం చేయగానే చిన్నపేగులోకి దిగి, నూనెని సబ్బులాగా విరగ్గొట్టి కొవ్వు ఒంటబట్టేలా చేస్తాయి. పని అయ్యాక వాటిని శరీరం పారబోయదు. చిన్నపేగు చివరి భాగమైన శేషాంత్రం దగ్గర దాదాపు 95 శాతాన్ని ఏరుకుని, రక్తంలో కలిపి, మళ్ళీ కాలేయానికి చేరవేస్తుంది. ఒంట్లో ఒక సమయంలో ఉండే మొత్తం సరుకు 2 నుంచి 4 గ్రాములే. ఆ కాస్తే రోజుకి అయిదారుసార్లు, కొందరిలో ఇంకా ఎక్కువసార్లు చుట్టు తిరిగి రోజుకి ఇరవై గ్రాముల పని చేసిపెడుతుంది. మలంతో పోయేది రోజుకి సుమారు అరగ్రాము. ఆ లోటుని కాలేయం కొత్తగా చేసి పూడుస్తుంది.

శేషాంత్రం ఆ ఏరుకునే పని సరిగ్గా చెయ్యకపోతే పైత్యరస ఆమ్లాలు పెద్దపేగులోకి జారిపోతాయి. పెద్దపేగుకి వాటితో అలవాటు లేదు. నీళ్ళు పీల్చుకోవాల్సింది పోయి నీళ్ళు వదులుతుంది, కదలిక పెరుగుతుంది. తెల్లవారుజామున ఆదరాబాదరా పరుగు, పసుపుపచ్చగా నీళ్ళ విరేచనం. పిత్తాశయం తీసేసినవాళ్ళలో కొందరికి ఇదే జరుగుతుంది. పైత్యరసం నిలవుండే చోటు లేక ఎప్పటికప్పుడు పేగులోకి కారుతూ ఉండడం అందుకు ఒక కారణం.

దీన్ని కొలవడం ఎలా? పోయినదాన్ని పట్టుకోవడం ఒక దారి. రోజుల తరబడి మలం డబ్బాల్లో పోగుచేసి, కలిపి, రసాయన పరీక్ష చెయ్యాలి. రోగికీ ఇష్టముండదు, ల్యాబులో పనిచేసేవాళ్ళకి అంతకన్నా ఇష్టముండదు. రెండో దారి, పోయినదాన్ని వదిలేసి తిరిగొచ్చినదాన్ని లెక్కపెట్టడం. రేడియోధార్మిక జాడకారులు, అంటే ట్రేసర్లు, ఈ రెండో దారికి పనికొచ్చాయి.

జాడకారి ఆలోచన పుట్టుక వెనక ఒక వంటింటి కథ ప్రచారంలో ఉంది. హంగరీ దేశస్థుడు జార్జ్ డి హెవెసీ 1911 ప్రాంతంలో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తూ ఒక ఇంట్లో భోజనంతో సహా అద్దెకుండేవాడు. ఆ ఇంటావిడ వారం మొదట్లో మిగిలిన మాంసాన్ని వారం చివరి వంటకంలో కలిపి పెడుతోందని ఆయనకి అనుమానం. ఆవిడ ఒప్పుకోలేదు. ఒకరోజు తన కంచంలో మిగిలినదాని మీద చిటికెడు రేడియోధార్మిక పదార్థం చల్లి వదిలేశాడు. కొన్ని రోజుల తర్వాత వడ్డించిన వంటకం దగ్గర పరికరం పెడితే దొంగ దొరికింది. హెవెసీకి 1943 రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది ఈ జాడకారి పద్ధతికే. నిన్నటి కూర ఇవాళ్టి పులుసులో తేలిందని రుజువు చెయ్యడానికీ, నిన్న మింగిన పైత్యరస ఆమ్లం ఇవాళ కూడా ఒంట్లోనే తిరుగుతోందని రుజువు చెయ్యడానికీ సూత్రం ఒక్కటే.

మనిషిలో ఆ చుట్టుని మొదట పద్ధతిగా లెక్కగట్టినవాడు స్వీడన్ శాస్త్రవేత్త లిండ్‌స్టెట్. కార్బన్-14 తగిలించిన కోలిక్ ఆమ్లాన్ని ఇచ్చి, పైత్యరసం నమూనాలు తీసి, ఒంట్లో ఉన్న సరుకు ఎంత, రోజుకి ఎంత మారుతోంది అన్నది 1957లో ప్రచురించాడు. 1961లో అమెరికాలో లాక్, వైనర్ ఎలుకల, గినీ పందుల పేగు ముక్కలతో పనిచేసి, ఈ ఆమ్లాలను పట్టుబట్టి లోపలికి లాక్కునేది చిన్నపేగు చివరి భాగమేనని చూపించారు. అలా లాక్కునే రవాణా ప్రోటీన్ జన్యువు చేతికి చిక్కింది 1994లో. 1961కీ 1994కీ మధ్యలోనే అలన్ హాఫ్‌మన్ అనే వైద్యుడు వచ్చి రోగుల సంగతి తేల్చాడు. శేషాంత్రం దెబ్బతిన్నవాళ్ళ విరేచనాలకి కారణం చుట్టు తెగడమేనని 1967లో రాశాడు. ఆపరేషన్‌లో తీసేసిన పేగు 100 సెంటీమీటర్ల లోపైతే పైత్యరస ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడి పనిచేస్తుందనీ, అంతకుమించి పోతే కాలేయం కూడా లోటు పూడ్చలేక, అరగని కొవ్వే విరేచనాలకి కారణమవుతుందనీ ఆ తర్వాత తేలింది. సర్జన్లు ఇప్పటికీ ఈ కొలబద్దనే గుర్తుపెట్టుకుంటారు.

1971లో శ్వాస పరీక్ష వచ్చింది. కార్బన్-14 ఉన్న గ్లైసిన్‌ని కోలిక్ ఆమ్లానికి తగిలించి తాగిస్తారు. ఆమ్లం పెద్దపేగులోకి జారితే అక్కడి బాక్టీరియా గ్లైసిన్‌ని తెంచేస్తుంది, దాని కార్బన్ ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుగా బయటికొస్తుంది. రోగి ఒక గొట్టంలోకి ఊదితే చాలు. చూడ్డానికి ముచ్చటైన పరీక్షే, తీర్పులో మాత్రం తడబాటు. చిన్నపేగులోనే బాక్టీరియా అతిగా పెరిగినా ఊపిరిలో అదే గుర్తు కనిపిస్తుంది. దొంగతనం జరిగిందని చెప్తుంది గానీ ముందు వాకిట్లోనా, పెరట్లోనా అన్నది చెప్పదు. పైగా కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్ళు, వెలువరించేది బీటా కిరణాలు. అవి ఒంటి బయటికి రావు కాబట్టి బయటి నుంచి చూసే వీలులేదు.

ఆ చిక్కు విప్పింది ఎడిన్‌బరో. బోయిడ్, మెరిక్, మంక్స్, థామస్ అనే నలుగురు 1981లో ప్రచురించిన వ్యాసంలో పైత్యరస ఆమ్లం తోకలో ఒక సెలీనియం-75 పరమాణువుని ఇరికించారు. రెండు లాభాలు. సెలీనియం-75 గామా కిరణాలు వదులుతుంది, వాటిని పొట్ట మీద పెట్టిన కెమెరా చూడగలదు. తోక మార్చినందువల్ల బాక్టీరియా దాన్ని సులువుగా తెంచలేదు, మొత్తం అణువు చెక్కుచెదరకుండా చుట్టు తిరుగుతుంది. పేరు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో పెద్దది, బ్రిటన్ ఆసుపత్రుల్లో అందరూ ‘సీక్యాట్’ అనేస్తారు. అక్కడ పనిచేసే తెలుగు డాక్టర్లకి ఇది రోజువారీ మాట. మన వైపు జిల్లా ఆసుపత్రిలో అంటే ఏదో పిల్లి స్కాన్ అనుకుంటారు.

పరీక్ష దగ్గరికి వెళ్ళి చూస్తే ఇంత సాదాసీదా వ్యవహారం ఇంకోటి కనిపించదు. పరగడుపున మామూలు మందు గొట్టం లాంటి క్యాప్సూల్ ఒకటి, గ్లాసుడు నీళ్ళు. అందులో ఉండే రేడియోధార్మికత 370 కిలోబెకెరెల్‌లు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత, క్యాప్సూల్ కరిగాక, మనిషిని గామా కెమెరా కింద పడుకోబెట్టి ముందు నుంచీ వెనక నుంచీ కొన్ని నిమిషాలు లెక్కపెడతారు. మనిషి లేనప్పుడు గదిలో ఉండే గణన విడిగా తీసుకుని అందులోంచి తీసేస్తారు. వచ్చిన అంకె నూరు శాతం. ఇంటికి పంపేస్తారు. సరిగ్గా ఏడో రోజు మళ్ళీ రమ్మంటారు. అదే కెమెరా, అదే దూరం, అన్ని నిమిషాలే. ఈసారి వచ్చిన అంకె మొదటిదానిలో ఎంత శాతమో చూస్తారు. సెలీనియం-75 అర్ధాయువు సుమారు 120 రోజులు కాబట్టి వారంలో దానంతటదే తరిగేది 4 శాతమే, దాన్ని సరిచేస్తారు. రక్తం లేదు, మలం లేదు, ఊదడం లేదు. ఆ రోజు పక్క గదిలో ఎవరికైనా బోన్ స్కాన్ ఇంజెక్షన్ ఇచ్చి కెమెరా ముందు నుంచి నడిపిస్తే మాత్రం లెక్క మొత్తం పాడైపోతుంది. ఏడో రోజున రోగి ఒంట్లో మిగిలే రేడియోధార్మికత అంత స్వల్పం.

ఏడు రోజులెందుకు? ఇక్కడ చక్రవడ్డీ లెక్క గుర్తుకు తెచ్చుకోవాలి, కాకపోతే తిరగేసి. రోజుకి అయిదు చుట్లు అనుకుంటే వారానికి 35 చుట్లు. ఒక్కో చుట్టులో 95 శాతం తిరిగొస్తే 35 చుట్ల తర్వాత మిగిలేది దాదాపు 17 శాతం. చుట్టుకి 90 శాతమే తిరిగొస్తే మిగిలేది రెండున్నర శాతం. 97 అయితే 34 శాతం. తొంభై అయిదుకీ తొంభైకీ తేడా ఒక్క చుట్టులో కంటికి ఆనదు. మొదటి రోజు గడిచేసరికి ఒకరిలో 77, ఇంకొకరిలో 59, అంతే. వారం గడిచాక ఒకరిలో ఉన్నది రెండో వారిలో ఉన్నదానికి ఆరు రెట్లకు పైనే. వడ్డీ వ్యాపారికి కాలం ఎలా కలిసొస్తుందో ఈ పరీక్షకీ అలాగే కలిసొస్తుంది. డాక్టర్లు పెట్టుకున్న గీతలు కూడా ఈ లెక్కకి దగ్గర్లోనే పడ్డాయి. ఏడో రోజున 15 శాతం పైన మిగిలితే మామూలు, 10 నుంచి 15 అయితే స్వల్ప లోపం, 5 నుంచి 10 ఒక మోస్తరు, 5 కంటే తక్కువైతే తీవ్రం.

న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో అడిగితే హైడా స్కాన్ చేస్తాం కదా, అదీ పైత్యరసానిదే కదా అంటారు. అది వేరు, ఇది వేరు. హైడాలో వాడే టెక్నీషియం మందు కాలేయం నుంచి పిత్తాశయానికి, అక్కడి నుంచి పేగుకి ఎలా దిగుతుందో చూపిస్తుంది. వెళ్ళే దారి చూపిస్తుందే గానీ తిరిగొచ్చే దారి చూపించదు, ఎందుకంటే ఆ మందుని శేషాంత్రం ఏరుకోదు. పోనీ టెక్నీషియంనే పైత్యరస ఆమ్లానికి తగిలిద్దామంటే దాని అర్ధాయువు ఆరు గంటలు. ఏడు రోజుల్లో 28 సార్లు సగమవుతుంది, అంటే సుమారు 27 కోట్లలో ఒక వంతు. లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.

పేగు దేన్ని పట్టి ఉంచుతుంది, దేన్ని వదిలేస్తుంది అన్న ప్రశ్న తెలుగువాళ్ళకి కొత్తది కాదు. పేగు పట్టి ఉంచలేకపోవడం అన్న భావానికి ఆయుర్వేదం పెట్టిన పేరే గ్రహణి. గ్రహించేది గ్రహణి, అది చెడితే వచ్చే జబ్బుకీ అదే పేరు. చరకసంహిత చికిత్సాస్థానంలో దానికో అధ్యాయం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇంట్లో ఆ జబ్బు ఇద్దరిని మింగింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. తర్వాత సుబ్బారావుకీ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. అమెరికా వెళ్ళాక ఆయన మొదట పేరు తెచ్చుకున్నది మందుతో కాదు, కొలతతో. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగుని బట్టి కొలిచే పద్ధతి ప్రచురించాడు, ప్రపంచమంతా ల్యాబుల్లో అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా నడిచింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి, 1945లో, లెడర్లే కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకి ఆ మందు అక్కరకొచ్చింది. తన అన్నదమ్ములకి అందనిదాన్ని ఆయన వేరేవాళ్ళకి అందించాడని ఈ కథని అందరూ చెప్పుకుంటారు. అంతకన్నా గుర్తుంచుకోవాల్సింది వరస: ముందు కొలవడం, తర్వాత మందు.

స్ప్రూని దక్షిణ భారతంలో దగ్గరుండి చూసింది వేలూరు సీఎంసీ. రాయలసీమ దక్షిణం అంచున, చిత్తూరు వాళ్ళకి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆసుపత్రికి తెలుగు రోగులు మొదటి నుంచీ ఎక్కువే. 1960ల మొదట్లో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో స్ప్రూ అంటువ్యాధిలా వ్యాపించినప్పుడు సెల్విన్ బేకర్, వి.ఐ. మాథన్ ఊళ్ళు తిరిగి రోగులను పరీక్షించారు. శేషాంత్రం పనితీరు తెలుసుకోవడానికి అప్పట్లో ప్రపంచమంతా వాడిన సాధనం బి12 విటమిన్. పైత్యరస ఆమ్లాల్లాగే అదీ చిన్నపేగు చివరే ఒంటబడుతుంది. రేడియోధార్మిక కోబాల్ట్ ఉన్న బి12 మింగించి 24 గంటల మూత్రంలో ఎంత వచ్చిందో చూసే షిల్లింగ్ పరీక్ష 1953లో మొదలై అర్ధశతాబ్దం పాటు వైద్య విద్యార్థులకి కంఠస్థ పాఠమైంది. ఇప్పుడు పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేదు. పరీక్ష తప్పని ఎవరూ నిరూపించలేదు, ఆ కోబాల్ట్ సరుకు తయారీ ఆగిపోయింది. రేడియోధార్మిక పరీక్షల బలహీనత ఇదే. సీక్యాట్ క్యాప్సూల్‌ది కూడా అదే కథ: ఎడిన్‌బరోలో పుట్టి ఆమర్‌షామ్ కంపెనీ చేతిలో పెరిగి, 2004లో ఆ కంపెనీని జీఈ కొన్నాక జీఈ సరుకైంది. ఒక ఫ్యాక్టరీ తలుపు మూసుకుంటే ఒక పరీక్ష ప్రపంచం నుంచి మాయమవుతుంది.

రేడియేషన్ అనగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కాస్త ఉలికిపాటు సహజం. కొవ్వాడ అణు కేంద్రం ప్రతిపాదన అక్కడ ఏళ్ళ తరబడి నలుగుతోంది. సీక్యాట్ వల్ల ఒంటికి అందే మోతాదు సుమారు 0.26 మిల్లీసీవర్ట్. భూమ్మీద సగటు మనిషికి నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏటా అందేది 2.4. అంటే నెలా పది రోజులు ఊరికే బతికితే వచ్చేంత. పొట్టకి తీసే సీటీ స్కాన్ దీనికి ముప్ఫై రెట్లు ఇస్తుంది, దాన్ని మాత్రం అడిగి మరీ రాయించుకుంటాం. భీమిలి తీరంలో నల్ల ఇసుక మీద పిల్లలు ఆడుకుంటారు. అందులో థోరియం ఉన్న మోనజైట్ ఉంటుంది, ఆ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరసలో ఉంది. గర్భిణులకి సీక్యాట్ వద్దంటారు, అది నిజమైన జాగ్రత్త. మిగతా భయం లెక్కకి నిలవదు.

ఇక ఈ పరీక్ష ఉత్తరాంధ్రలో ఎవరికి కావాలి? విదేశీ పుస్తకాలు మొదట క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు పేరు చెప్తాయి. మన దగ్గర అదే చోట, శేషాంత్రం పెద్దపేగులో కలిసే మూల దగ్గర, ఎక్కువగా తిష్ఠ వేసేది క్షయ. పేగు క్షయ ముదిరి అడ్డుపడితే ఆ ముక్క కోసి తీసేస్తారు. టైఫాయిడ్‌లో రంధ్రం పడేదీ అక్కడే. ఆపరేషన్ బాగా జరిగి, కుట్లు మానిపోయి, రోగి ఇంటికెళ్ళాక మొదలయ్యే విరేచనాలని జబ్బు తిరగబెట్టిందని అనుకునేవాళ్ళున్నారు. చుట్టు తెగిందేమోనని అడిగేవాళ్ళు తక్కువ.

ఇంకో గుంపు గురించి ఎవరూ మాట్లాడరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్ చికిత్స తీసుకున్న ఆడవాళ్ళు. విశాఖపట్నం అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాక ఉత్తరాంధ్ర వాళ్ళు కలకత్తా, బొంబాయి దాకా పోనక్కర్లేకుండా అయింది. కటి భాగానికి కిరణాలు ఇచ్చేటప్పుడు పక్కనే మడతలు పడి ఉన్న శేషాంత్రం కొంత దెబ్బతింటుంది. క్యాన్సర్ నయమవుతుంది, చేనులో కలుపు తీసే మనిషి పనిలో మాటిమాటికీ గట్టు దాటాల్సి వస్తుంది. ఆవిడ ఆ సంగతి మగ డాక్టరుకి చెప్పదు. ప్రాణం దక్కింది, ఇదేం పెద్ద విషయమని ఊరుకుంటుంది. కటి భాగానికి రేడియేషన్ తీసుకుని విరేచనాలతో బాధపడేవాళ్ళలో పైత్యరస ఆమ్లాల లోపం తరచూ దొరుకుతుందని బ్రిటన్ ఆసుపత్రులు సీక్యాట్‌తో కొలిచి చెప్పాయి. కొలతకి ఇంతకన్నా పనికొచ్చే చోటు ఇంకోటి లేదు.

మూడో గుంపు అన్నిటికన్నా పెద్దది: ఏ ఆపరేషనూ లేకుండా ఐబీఎస్ ముద్ర పడినవాళ్ళు. డెన్మార్క్‌లో థేసెన్, పెడర్సన్ 1976లోనే కారణం కనిపించని ఇలాంటి రోగులని వర్ణించారు. 2009లో వివిధ అధ్యయనాలని కలిపి చూసినప్పుడు, విరేచనాలు ప్రధానంగా ఉన్న ఐబీఎస్ రోగుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా సీక్యాట్ గీత కిందికి వచ్చారు. అదే ఏడాది లండన్‌లో జూలియన్ వాల్టర్స్ బృందం ఒక కారణం చూపించింది. పైత్యరస ఆమ్లాలు వచ్చి చేరగానే శేషాంత్రం ఎఫ్‌జీఎఫ్-19 అనే హార్మోన్ వదిలి, సరుకు చాలు, ఇంక చెయ్యొద్దు అని కాలేయానికి కబురు పెడుతుంది. ఆ కబురు అందని మనిషిలో కాలేయం చేస్తూనే పోతుంది, పేగు ఎంత ఏరినా పొంగి పొర్లుతుంది. అంటే వీళ్ళలో పేగు గుణం బాగానే ఉంది, సరుకే ఎక్కువ. సీక్యాట్ ఈ తేడా చెప్పదు. మిగిలింది తక్కువ అని చెప్తుంది, ఎందుకు తక్కువ అన్నది డాక్టరే ఆలోచించుకోవాలి.

ఇంత మంచి పరీక్షని అందరూ నెత్తిన పెట్టుకున్నారా అంటే లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి ఏది వాడాలో తూచి చెప్పే నైస్ సంస్థ 2012లో ఒకసారి, 2021లో ఒకసారి దీన్ని పరిశీలించి, సిఫారసు చెయ్యడానికి ఆధారాలు చాలవంది. వాళ్ళ సందేహం కెమెరా లెక్క మీద కాదు. పరీక్ష చేయించుకున్నవాడు చేయించుకోనివాడి కంటే చివరికి బాగుపడ్డాడా, దానికైన ఖర్చు గిట్టుబాటు అయిందా అన్నది వాళ్ళ ప్రశ్న. పోల్చి చూడ్డానికి ఇంతకన్నా నమ్మకమైన కొలబద్ద ఇంకోటి లేకపోవడం మరో ఇబ్బంది: తూకం రాయి సరైనదేనా అని తూచడానికి ఇంకో రాయి ఉండాలి కదా. అమెరికాలో అయితే ఈ క్యాప్సూల్‌కి అనుమతే లేదు. న్యూజెర్సీలో ఉన్న తెలుగు ఇంజనీరుకి ఇదే బాధ వస్తే నాలుగు రోజులు రోజుకి 100 గ్రాముల కొవ్వు తినమని, చివరి రెండు రోజుల మలం డబ్బాలో పట్టి ఇమ్మని అడుగుతారు. రాకెట్లు పంపిన దేశంలో ఇంకా డబ్బాలే.

మూడో దారి రక్తపరీక్ష. కాలేయం పైత్యరస ఆమ్లాలు తయారుచేసే వేగానికి రక్తంలో ఒక నీడ ఉంటుంది, దాన్ని సీ4 అంటారు. పోయేది ఎక్కువైతే తయారీ ఎక్కువవుతుంది, సీ4 పెరుగుతుంది. పొద్దున్నే పరగడుపున ఒక్కసారి సూది, అంతే. రోజులో పొద్దుని బట్టి ఇది మారుతుంది, భోజనం చేసి ఇస్తే తప్పుదారి పట్టిస్తుంది, కొలవడానికి మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. అయినా 2023లో డెన్మార్క్ పరిశోధకులు ప్రచురించిన ట్రయల్‌లో సీ4ని బట్టి గుర్తించిన రోగులకి కొలెస్టిరమిన్ లాంటిదే అయిన కోలెసెవెలామ్ బిళ్ళ, డమ్మీ బిళ్ళ కంటే స్పష్టంగా బాగా పనిచేసింది. కొలత నుంచి మందు దాకా గొలుసు తెగకుండా చూపించిన అధ్యయనం కాబట్టి దాని విలువ ఎక్కువ.

పరీక్ష ఎందుకు, నేరుగా మందే వేసి చూద్దాం, తగ్గితే అదే జబ్బు అనే డాక్టర్లు చాలామంది. మందు చవకగా, రుచిగా ఉంటే ఆ మాటకి ఎదురు చెప్పలేం. కొలెస్టిరమిన్ ఇసుక నములుతున్నట్టుంటుంది. రైతు రెండు రోజులు తాగి పక్కన పడేస్తాడు, వచ్చే నెల డాక్టరుతో ‘పన్జెయ్యలేదండీ’ అంటాడు. చీటీ మీద ఆ జబ్బు కాదని రాసుకుంటారు. థైరాయిడ్ బిళ్ళ వేసుకునే మనిషైతే ఆ పొడి థైరాయిడ్ మందుని కూడా పట్టి ఉంచేస్తుంది, మిగతా బిళ్ళలు గంట ముందో నాలుగు గంటల తర్వాతో వేసుకోవాలని చెప్పేవాళ్ళుండాలి. అంకె చేతిలో ఉంటే రోగి ఆ ఇసుక ఇంకో వారం ఓర్చుకుంటాడు. నూటికి మూడే మిగిలిందయ్యా అని చెప్తే ఊరివాడికి ఇట్టే అర్థమవుతుంది, వడ్డీ లెక్కలు తెలియనివాడెవడు?

రామతీర్థం రైతు దగ్గరికి మళ్ళీ వస్తే, ఆయనకి సీక్యాట్ క్యాప్సూల్ దొరికినా ఇబ్బంది రెండో ప్రయాణంలో ఉంది. ఏడో రోజున తప్పకుండా అదే కెమెరా కిందికి రావాలి. విరేచనాల మనిషికి నెల్లిమర్ల మీదుగా విశాఖపట్నం రెండుసార్లు పోయి రావడమంటే రెండు రోజుల కూలీ, రెండు రోజుల పస్తు. ఆ రెండు రోజులూ బండి ఎక్కేముందు ఏమీ తినడు కాబట్టి. దానికంటే రక్తపరీక్షే ఈ నేలకి తగినదని తోస్తుంది. నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల, విజయనగరంలో 2023లో తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాల దగ్గర్లోనే ఉన్నాయి. పొద్దున్నే పరగడుపున రక్తం తీసి, చల్లగా ఉంచి, యంత్రం ఉన్నచోటికి పంపితే చాలు. ఆ రక్తపు అంకెని నమ్మడానికి ఎక్కడో ఒకచోట, హైదరాబాద్ నిమ్స్‌లోనో తిరుపతి స్విమ్స్‌లోనో, గామా కెమెరా కింద కొన్ని వందల మందికి వారం రోజుల లెక్క తీసి పక్కన పెట్టుకోవాలి. 15 శాతం గీత యూరప్‌లో గీసింది. రోజూ మూడుపూటలా అన్నం, పప్పు, పులుసు తినే మనిషి చుట్లు ఎన్ని, గీత ఎక్కడ అన్నది ఆ వందల మందిలో తేలాలి.

ఈలోగా యంత్రం ఏదీ అక్కర్లేని ప్రశ్నలు మూడున్నాయి. పిత్తాశయం తీశారా, పేగు కోశారా, కటికి కరెంటు పెట్టారా. రేడియేషన్‌కి పల్లెల్లో మాట అదే, కరెంటు పెట్టడం. ఓపీ చీటీ మీద ఈ మూడింటికీ చోటు పట్టేది ఒక్క లైను.